మూడో సిస్టంలో చెరిగిపోయిన ఉత్తరం

కాస్త ముందుకు జరిగి కూర్చోండమ్మా. వెనక గోడకు ఆనుకున్నవాళ్లు కూడా రండి, గొంతెత్తి చెప్పే కథ కాదిది. 2004లో హిందూపురం బస్టాండుకు దగ్గరలో మాకొక నెట్ సెంటర్ ఉండేది. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఆ సెంటర్ని ఏళ్ల తరబడి నడిపాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

తొంభైలలో అదే గదిలో ఎస్టీడీ బూత్ ఉండేది. రోజూ వచ్చేవాళ్లు పేరు చెబితే చాలు, పుస్తకం తెరవకుండా వాళ్ల చుట్టాల నంబర్లు నేనే నొక్కేదాన్ని. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ పలచబడ్డాక మా ఆయన నాలుగు కంప్యూటర్లు తెచ్చి పెట్టాడు. వాటిని సిస్టం అనేవాళ్లం. ఒకటో సిస్టం, రెండో సిస్టం అని లెక్క. నాకు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం రాదు. అక్షరాలు, అంకెలు మాత్రం గుర్తుపడతాను. ఏ బొమ్మ నొక్కితే ఏది తెరుచుకుంటుందో ఒకసారి చూస్తే మరిచిపోను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పెనుకొండ దగ్గరి పల్లె నుంచి శైలజ వచ్చింది. నర్సింగు పూర్తిచేసి ఏడాదిగా ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్ల. మూడో సిస్టం ముందు కూర్చుని మెయిల్ తెరిచింది. మెయిల్ అంటే కంప్యూటర్లోకి వచ్చే ఉత్తరం. తెరవగానే, "గౌరక్కా! బెంగళూరు ఆసుపత్రోళ్లు పిలిచినారు! సోమవారం ఇంటర్వ్యూ!" అని ఎగిరి నన్ను వాటేసుకుంది. ఆ ఉత్తరం కాగితం మీద అచ్చు తీసుకుపోతేనే లోపలికి రానిస్తారట. మా ప్రింటర్లో సిరా అయిపోయింది. "రేపు పొద్దున్నే రామ్మా, తెప్పించి పెడతాను" అన్నాను. ఆమె బస్సు వేళయిందని లేచి వెళ్లింది.

పొరపాటు జరిగింది అక్కడే. మెయిల్ చూసుకున్నాక సైన్ అవుట్ అని ఒకటి నొక్కాలి. అది మన పెట్టెకు తాళం వేసుకోవడం లాంటిది. శైలజ దాన్ని నొక్కలేదు, మూల ఉన్న చిన్న గీతను నొక్కింది. గీత నొక్కితే తెరిచిన పేజీ కిందికి దిగి దాక్కుంటుందే గాని మూసుకోదు. కనబడకపోతే మూసుకున్నట్టేనని ఆ రోజుల్లో సగం మంది అనుకునేవాళ్లు. ఆ సంగతి ఎవరికీ నోరు విప్పి చెప్పని తప్పు నాది.

శనివారం పదకొండు గంటలకు శైలజ తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, ఆ కాగితాన్ని భద్రంగా తీసుకుపోవడానికి ఒక ప్లాస్టిక్ ఫైలు కొనుక్కుని మరీ వచ్చాడు. మెయిల్ తెరిచారు. ఒక్క ఉత్తరం కూడా లేదు. పారేసినవి పడే ట్రాష్ అనే చెత్తబుట్ట కూడా ఉంది కదా అని నేను అందులో చూశాను. అదీ ఖాళీయే.

"యాడికి పోయిందక్కా?" అంది శైలజ.

"నిన్న ఉండాదంటివి గదమ్మా?" అన్నాడు తండ్రి.

"ఉన్నింది నాయనా, నేను సదివినా!"

ఎవరు ఏ సిస్టం ముందు కూర్చున్నారో మేం రిజిస్టరులో పేరు రాయించేవాళ్లం. శైలజ తరువాత మూడో సిస్టం మీద రంగప్ప సారు పేరుంది. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. మహా శుభ్రం. వచ్చీ రాగానే తువ్వాలుతో కుర్చీ తుడుస్తాడు, మీటలు తుడుస్తాడు, అద్దం తుడుస్తాడు, అప్పుడు గాని కూర్చోడు. కబురు పెడితే ఆ తువ్వాలుతోనే వచ్చాడు.

"సార్, నిన్న మూడో సిస్టంలో మీరేమైనా చెరిపినారా?"

"చెరపకుండా? కిందుండేది నొక్కంగానే తెరుచుకునింది, నా పెట్టె నిండా ఎవురో ఇంగ్లీషు చెత్త యేసి పోయినారమ్మా. ఒక్కటి మిగల్చకుండా ఊడ్చినా. చెత్తబుట్ట గూడా ఖాళీ చేసినా" అన్నాడు, మెచ్చుకుంటానని.

"అది మీ పెట్టె కాదు సార్. ఈ పాపది."

రంగప్ప సారు తువ్వాలు చేతిలోంచి జారింది. శైలజ తండ్రి, "ఏమప్పా పెద్దాయనా, నా బిడ్డ బతుకును ఊడ్చిపెడితివే!" అన్నాడు. ఆ ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాదే అనుకుంటినప్పా, దేవుని సాక్షి" అని కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు మాత్రం ఆయన కుర్చీ తుడవలేదు.

శనివారం ఒంటిగంట దాటితే ఆసుపత్రి ఆఫీసు మూసేస్తారు. మళ్లీ తెరిచేది సోమవారమే. బూత్ ఫోన్ ఇంకా నా బల్ల మీదే ఉంది. టెలిఫోను విచారణకు ఫోన్ చేసి ఆసుపత్రి నంబరు కనుక్కుని కలిపాను. ఎత్తిన ఆమె కన్నడం మాట్లాడింది. హిందూపురం వాళ్లకు కన్నడం ఒకరు నేర్పాలా? జరిగింది చెప్పాను. "వందల మందికి పంపాం, పేరుతో వెతకలేం. రెఫరెన్స్ నంబర్ హేళి" అంది. ఉత్తరం పైన ఉండే నంబరు చెప్పమని అడుగుతోంది.

శైలజ వైపు చూశాను. "ఆఖర్న తొమ్మిది ఉన్నింది... అంతేనక్కా" అని ఏడ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. ముందురోజు చూసిన తెర ఎదురుగా వచ్చి నిలిచింది. రెండు అక్షరాలు, ఒక గీత, ఆరంకెలు. ఒక్కొక్కటిగా చెప్పాను. అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు. తరువాత, "శైలజా, పెనుకొండ తాలూకా, అదేనా?" అని వినబడింది. అరగంటలో ఉత్తరం మళ్లీ వచ్చింది. రెండు ప్రింట్లు తీశాను. తండ్రి ఒకటి ఫైల్లో పెట్టాడు, ఒకటి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

అప్పుడు శైలజ కళ్లు తుడుచుకుని నెమ్మదిగా అడిగింది. "అక్కా, ఆ నంబరు నీకెట్ల తెలుసు?"

అప్పటిదాకా పొంగిపోతున్నదాన్ని. "నువ్వు చదువుతాంటే నీ వెనకాల నిలబడి చూసినానమ్మా" అన్నాను.

"అందరివీ చూస్తావా?"

"కళ్లబడితే చూస్తాను. మరిచిపోవడం నాకు చేతకాదు."

ఆ పిల్ల కోప్పడలేదు. "ఈసారికి మేలే అయింది. మళ్లీ ఎవురివీ సూడొద్దక్కా. ఆసుపత్రిలో రోగి చీటీ గూడా పక్కోళ్లు సూడగూడదని మాకు నేర్పినారు" అంది. నా కూతురి వయసు పిల్ల. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

మరుసటి వారమే వడ్రంగిని పిలిపించి సిస్టంకూ సిస్టంకూ మధ్య పలకలు కొట్టించాను. తెర కూర్చున్నవాళ్లకు తప్ప కనబడకుండా నా బల్లను వీధి వైపు తిప్పించాను. గోడకు బోర్డు రాయించాను. లేచే ముందు సైన్ అవుట్ నొక్కాలి, గీత నొక్కి పోకూడదు. పాస్‌వర్డ్, అంటే మీ పెట్టె తాళంచెవి, నాతో సహా ఎవరికీ చెప్పకూడదు. సిస్టం "గుర్తు పెట్టుకోనా?" అని అడిగితే వద్దనాలి. వేరేవాళ్ల పెట్టె తెరిచి ఉంటే తాకకుండా నన్ను పిలవాలి. ముఖ్యమైన కాగితాలు తెరిచి పెట్టి బయటికి పోకూడదు. వీటన్నిటికంటే పైన, పెద్దక్షరాలతో: సెంటర్ వాళ్లు మీ తెర చూడరు.

ఆ పైమాట చదివి నవ్వినవాళ్లున్నారు. "గౌరక్కా, నీ కండ్లకు నువ్వే బోర్డు కట్టుకుంటివా?" అన్నారు. కట్టుకున్నాను. ఏదైనా చూపించమని పిలిస్తే ముందు, "చూడమంటావా?" అని అడిగి చూసేదాన్ని. తరువాత ధర్మవరం నుంచి ఇద్దరు సెంటర్ వాళ్లు వచ్చి మా బోర్డు రాసుకుపోయారు. రంగప్ప సారైతే కొత్తవాళ్లు వస్తే తనే లేచి, "మొదట అది సదువప్పా, నాలాగ జేసేవు" అని చేయి చూపించేవాడు. శైలజ ఆ ఇంటర్వ్యూలో నెగ్గి ఆ ఆసుపత్రిలోనే చేరింది.

ఇప్పుడు స్టేషన్లలో, బస్టాండుల్లో వైఫై అని నెట్ గాల్లోనే వస్తోంది. తీగ లేదు, కుర్చీ లేదు, రిజిస్టరూ లేదు. అయినా అది నలుగురూ కూర్చునే బెంచే. మీ పక్కన కూర్చున్నది ఎవరో మీకు తెలియదు. ఆ నెట్ మీద బ్యాంకు పనులు పెట్టుకోకండి. పేరు తెలియని వైఫైకి తగులుకోకండి, పనయ్యాక దాన్నుంచి విడిపోండి. నాకు తెలిసిన జాగ్రత్త ఇంతే.

నేను నేర్చుకున్నది మాత్రం ఇంకొకటి. నలుగురి తాళంచెవులు మన చేతిలో ఉన్నప్పుడు, మనకెంత తెలుసని కాదు, ఎంత చూడకుండా ఉండగలమన్నదే మన పనితనం. జ్ఞాపకం నాకు పుట్టుకతో వచ్చింది. చూపు తిప్పుకోవడం ఒక పిల్ల నేర్పితే వచ్చింది. నాకు ఆ రెండోదే ఎక్కువ గర్వం.

మీ ఇంటి పిల్లలకు మంచి కబురే రావాలి. వచ్చిన కబురు చేతికందే దాకా చెదరకుండా ఉండాలి. మీ గడప లోపలి మాట గడప లోపలే చల్లగా ఉండాలి తల్లీ.