నేను వేసిన రెండేళ్ల శిక్ష

లామినేటింగ్ మెషీన్ వేడెక్కితే వచ్చే ప్లాస్టిక్ వాసన నాకు అస్సలు పడదు. ఇవాళ స్టాఫ్‌రూమ్‌లో ఆ వాసన తగలగానే కమల ఆంటీ గుర్తొచ్చారు. మలేషియాలోని జొహోర్‌లో పుట్టి, పెళ్లయ్యాక సింగపూర్ వచ్చి, బుకిట్ బటోక్‌లోని మా స్కూల్లో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పిన మనిషి. ఆవిడ తెలుగులో సగం తమిళం, పావు మలయ్, మాట చివర అక్కడందరిలాగే ఒక 'లా'. నేనేమో అప్పట్లో కాకినాడ నుంచి వచ్చిన కొత్త టీచర్ని, ముక్కు మీద కోపం. పాఠం ఎలా చెప్పాలో చూసి నేర్చుకొమ్మని నన్ను తన క్లాసులో వెనక కూర్చోబెట్టుకునేవారు.

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆవిడ దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను. నా క్లాసులో ఒక పదమూడేళ్ల పిల్ల పక్కపిల్ల కాలిక్యులేటర్ తీసింది. అడిగితే రెండుసార్లు అబద్ధమాడింది. రిపోర్టు రాసి బ్యాగులో పెట్టుకున్నాను. అది పైకి వెళ్తే పిల్లను సస్పెండ్ చేస్తారు, దొంగ అన్న మాట రికార్డులో ఉండిపోతుంది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా ఆంటీ?" అన్నాను.

"ముందు మకాన్ కానియ్యమ్మా, అన్నం చల్లారిపోతోంది" అన్నారావిడ.

తర్వాతి పీరియడ్‌లో పాఠం విక్టోరియా రాణి కాలం నాటి నేరాలూ శిక్షలూ. పిల్లలకు తనే లామినేట్ చేసిన కార్డులు తలా ఒకటి, రాయడానికి మార్కర్లు ఇచ్చారు. ముందువైపు నేరం ఒక్కటే ఉంది. జడ్జీలు మీరే, శిక్ష రాయండి అన్నారు. రుమాలు కొట్టేసినవాడికి ఏం వేద్దామంటే "జైల్ లా, టీచర్! రూల్స్ ఆర్ రూల్స్!" అని ఒకటే గోల. ఒకడైతే ఏకంగా ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపేశాడు.

"ఇప్పుడు తిప్పి చూడండి" అన్నారు ఆంటీ.

వెనక వయసు రాసి ఉంది. పది. తొమ్మిది. పదకొండు.

"ప్రైమరీ ఫోర్ ఓన్లీ, టీచర్!" అంది ముందు వరసలో పిల్ల, ఏడుపు గొంతుతో. అంటే నాలుగో తరగతి. ఆ వయసు పిల్లలకు నిజంగానే అలాంటి శిక్షలు వేసేవారని ఆంటీ చెప్పాక, ఆస్ట్రేలియా పంపినవాడు తను రాసింది తుడిచేశాడు.

నాకూ ఒక కార్డు ఇచ్చారు. "టీచర్ వాచీ దొంగతనం. అడిగితే రెండుసార్లు అబద్ధం." ఒక్క క్షణమైనా ఆలోచించకుండా రెండేళ్లు జైలు అని రాసి పారేశాను. క్లాసు ఖాళీ అయ్యాక తిప్పి చూశాను. "కమల, పన్నెండేళ్లు, జొహోర్."

"మీరా ఆంటీ?"

"నేనే లా. నేనే తీశానని ఆ టీచర్‌కి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. రేపు పొద్దున్నకి నా మేజా మీద ఉండాలి అంది, అంతే. అప్పుడే బయటపెట్టి ఉంటే నేనీ పాఠం చెప్పేదాన్నా?" అని, నేను రాసింది చూసి, "రెండేళ్లేనా? దయగలదానివే!" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం ఆ పిల్లను ఒంటరిగా పిలిచి అదే మాట చెప్పాను. మర్నాడు కాలిక్యులేటర్ నా బల్ల మీద ఉంది. రిపోర్టు చింపేశాను.

ఆంటీ ఇప్పుడు లేరు. నేను రిపోర్టులు ఇంకా రాస్తూనే ఉన్నాను, రాయక తప్పదు. అయితే ముందు వయసు రాస్తాను, ఆ తర్వాతే నేరం. కమల ఆంటీని జైలుకు పంపిన చెయ్యి ఇది. దీన్ని నేనింకా నమ్మను.