కబడ్డీ పిల్లలతో రేపల్లె దాకా

మా కాలేజీలో నేను కెమిస్ట్రీ చెబుతాను. ఆటల గురించి నాకు తెలిసింది తక్కువ. అలాంటిది మొన్న ఫిబ్రవరిలో తొమ్మిదిమంది కబడ్డీ అమ్మాయిలను వెంటబెట్టుకుని బాపట్ల, రేపల్లె తిరిగి వచ్చాను. కారణం చాలా మామూలుది. మా దగ్గర ఆటలాడే విద్యార్థులకు ఏటా మూడు రోజుల కార్యక్రమం ఒకటి ఉంటుంది. ఒకరోజు వ్యక్తిత్వ వికాసం మీద శిక్షణ, తక్కిన రెండు రోజులు ఏదైనా ఊళ్ళో సేవ. పిల్లలకు ఆటలు నేర్పే, వాళ్ళను తీసుకువెళ్ళాల్సిన పి.డి. మేడమ్‌కు సరిగ్గా ఆ వారమే చికెన్‌గున్యా పట్టుకుంది. ప్రిన్సిపాల్‌గారు స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి చుట్టూ చూశారు. ఆ సమయానికి అక్కడ ఉన్నది నేనొక్కదాన్నే.

"మీరు వాళ్ళకు ఆట నేర్పక్కర్లేదమ్మా. పదిమందిలో ఎలా మసలుకోవాలో వాళ్ళే నేర్చుకుంటారు. తోడుగా ఉండండి, చాలు," అన్నారు.

శుక్రవారం ఉదయం ఏడు కాకముందే తెనాలి స్టేషన్‌కు చేరాను. పిల్లలు నాకన్నా ముందే వచ్చి, బ్యాగులన్నీ ఒకచోట కుప్పపోసి, ఇడ్లీ పొట్లాలు విప్పుకుని కూర్చున్నారు. నందివెలుగు అమ్మాయి లావణ్య నాకూ ఒక పొట్లం అందించింది. వాళ్ళ నాన్న బండి మీద దింపి వెళ్ళారట. లావణ్య వైస్ కెప్టెన్. నోరు విప్పితే ఆగదు. రైలు వచ్చేలోపు ఆ తొమ్మిదిమంది ఊళ్ళూ, ఇంటిపేర్లూ, ఎవరికి ఏ కూర పడదో అన్నీ నాకు చెప్పేసింది. కెప్టెన్ ఎస్తేరు మాత్రం బ్యాగుల దగ్గర నిలబడి నవ్వుతూ వింటోంది. ఆ అమ్మాయిది భట్టిప్రోలు. బీకాం చివరి సంవత్సరం. మా హాస్టల్‌లోనే ఉంటుంది, శనివారం శనివారం ఇంటికి వెళ్ళి వస్తుంది.

ప్యాసింజర్‌లో అందరికీ ఒకేచోట సీట్లు దొరికాయి. చుండూరు దాటాక ఎదురుసీటులో ఉన్న పెద్దాయన ఇక ఉండబట్టలేక అడిగాడు.

"మీరంతా పెళ్ళికా అమ్మా?"

"కాదు తాతయ్యా, మేం కబడ్డీ ఆడతాం," అంది లావణ్య.

"ఆడపిల్లల కబడ్డీయా? మా ఇంట్లో రోజూ ఉంటది. మా ఆవిడ పట్టు పట్టిందంటే మనం బయటపడ్డం ఉండదు."

పక్కన కూర్చున్న ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది కానీ, భుజాలు కదలడం చూస్తే నవ్వుతోందని తెలుస్తూనే ఉంది. నిడుబ్రోలు దాకా అదే సందడి.

బాపట్లలో దిగి రెండు ఆటోలలో శిక్షణ జరిగే హాలుకు వెళ్ళాం. చుట్టుపక్కల కాలేజీల జట్లు మరికొన్ని వచ్చి ఉన్నాయి. శిక్షణ ఇచ్చేది విజయవాడ నుంచి వచ్చిన ఒక నడివయసు మాస్టారు. మంచిగా, హాస్యంగా మాట్లాడారు. ఓడిపోయిన రోజు ఏం చేయాలి, గెలిచిన రోజు ఎలా ఉండాలి, ఆట అయిపోయాక బతుకు ఎలా దిద్దుకోవాలి, ఇవన్నీ చెప్పి, భోజనాలకు ముందు ప్రతి జట్టు కెప్టెన్‌నీ వేదిక మీదికి రమ్మన్నారు. రెండు నిమిషాలు తమ గురించి తాము చెప్పాలి.

మా వంతు వచ్చింది. ఎస్తేరు వెళ్ళి మైకు రెండు చేతులతో పట్టుకుంది. "నా పేరు" అంది. అక్కడ ఆగిపోయింది. హాలంతా చూస్తోంది. ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. మాస్టారు "తొందరేం లేదమ్మా" అన్నారు గానీ ఎస్తేరు మైకు బల్ల మీద పెట్టి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. భోజనాల దగ్గర తల ఎత్తకుండా పెట్టినంతా తిన్నది.

సాయంత్రం అందరం సూర్యలంక వెళ్ళాం. సముద్రం చూడటానికి కాదు, ఒడ్డున చెత్త ఏరడానికి. గోనెసంచులు మేమే పట్టుకెళ్ళాం. ఒక కుటుంబం మా కళ్ళ ముందే చిప్స్ ప్యాకెట్లు ఇసుకలో పడేసింది. లావణ్య సంచి నోరు తెరిచి ఆ ఇంటాయన ముందు నిలబడి, "బాబాయ్, ఇందులో మీ చేత్తో వెయ్యండి, మా ఫొటో బావుంటది," అంది. ఆయన సిగ్గుపడి, తనవే కాక చుట్టుపక్కలవి కూడా నాలుగు ఏరి వేశాడు. వాళ్ళావిడ నిజంగానే ఫొటో తీసింది.

సంచులు నిండాక పిల్లలు నీళ్ళలోకి పరుగెత్తారు. ఎస్తేరు వచ్చి నా పక్కన కూర్చుంది.

"మేడమ్, రేపు రేపల్లె దగ్గర ఊళ్ళో స్కూలు పిల్లల తల్లులతో మాట్లాడేది లావణ్యని మాట్లాడమనండి."

"కెప్టెన్‌వి నువ్వు కదమ్మా."

"కావాలంటే కెప్టెన్ కూడా తననే చెయ్యండి." చేతుల ఇసుక దులుపుకుంటూ మళ్ళీ అంది. "బరిలో అయితే వాళ్ళంతా నన్ను పట్టుకోడానికే ఉన్నారని తెలుసండి. ఎటు తప్పుకోవాలో చూసుకుంటా. ఇక్కడ ఊరికే కూర్చుని చూస్తన్నారు. ఏం చెయ్యాలో తెలీలేదు."

నాకు నవ్వొచ్చింది. తర్వాత జాలేసింది. మాట్లాడే సంగతి నీ ఇష్టం, కెప్టెన్ సంగతి పి.డి. మేడమ్ చూసుకుంటారు అని చెప్పాను.

ఆ రాత్రి బాపట్లలోనే ఉండి, మర్నాడు టిఫిన్ చేసి రేపల్లె బస్సెక్కాం. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కాబట్టి, ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టర్ అందరికీ సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. శనివారం కాబట్టి బస్సు కిటకిటలాడుతోంది. కర్లపాలెంలో ఎక్కిన ఒకావిడ ఏమాత్రం మొహమాటపడకుండా గోంగూర మూట ఎస్తేరు ఒళ్ళో పెట్టి, "కాస్త పట్టుకో తల్లీ, చెరుకుపల్లిలో దిగిపోతా," అంది. దిగేటప్పుడు రెండు కట్టలు ఇవ్వబోతే, వండుకోడానికి మాకు పొయ్యి లేదని చెప్పి తప్పించుకున్నాం. చందోలు దాటినప్పటినుంచీ రోడ్డుకు రెండు వైపులా వరి కోసిన మడుల్లో మినుము చేలు. అక్కడక్కడ కోత మొదలయింది.

రేపల్లెలో చర్చి ఆవరణలో మాకు రెండు పెద్ద గదులు ఇచ్చారు. శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళకు కొదవ లేదు. బస్టాండు దగ్గర మెస్సులో చేపల పులుసుతో భోజనం చేసి, పెనుమూడి రోడ్డు మీద ఆటోల్లో మేం వెళ్ళాల్సిన ఊరికి బయల్దేరాం. కృష్ణ ఒడ్డుకు దగ్గరలో ఉన్న చిన్న ఊరది.

అక్కడి హైస్కూల్ హెడ్‌మాస్టర్ గారు మమ్మల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళారు. సున్నంతో గీతలు గీయించి ఉంచారు. గోడ పక్కన ఆడపిల్లలు వరుసగా నిలబడి మా పిల్లల బూట్ల వైపు చూస్తున్నారు.

"ఎనిమిదో తరగతి దాకా బ్రహ్మాండంగా ఆడతారండి," అన్నారాయన. "తొమ్మిదిలోకి రాగానే ఇంట్లో మానిపించేస్తారు. పోయినేడు జట్టు నిండక మండల పోటీలకు పంపలేకపోయాను. ఈ ఏడు కూడా అంతే అయితే ఇంక ఈ పిల్లలు అడగడం కూడా మానేస్తారు. మీరు ఆ తల్లులతో ఒక్కమాట చెప్పండి."

తల్లులు మినుము కోత నుంచి వచ్చి, స్నానాలు చేసి, చీకటి పడేముందు స్కూలుకు వచ్చారు. వరండాలో చాపలు పరిచాం. లావణ్య లేచి బాపట్లలో విన్నదంతా వరసగా చెప్పింది. ఆటలు శారీరక మానసిక వికాసానికి తోడ్పడతాయి, నాయకత్వ లక్షణాలు పెరుగుతాయి, క్రమశిక్షణ అలవడుతుంది. తప్పేమీ లేదు, చక్కగానే చెప్పింది. కానీ పొద్దుటినుంచీ ఎండలో నడుం వంచినవాళ్ళు వాళ్ళు. ఒకావిడ ఆవలించింది. ఇంకొకావిడ చంకలో పిల్లకు జోకొడుతోంది.

ముందు వరసలో కూర్చున్న కోటేశ్వరమ్మ అనే ఆవిడ అడిగింది. ఆమె కూతురు శ్రావణి తొమ్మిదో తరగతి. స్కూల్లో అందరికన్నా చురుకైన పిల్ల అని అంతకుముందే హెడ్‌మాస్టర్ గారు చెప్పారు.

"అన్నీ బానే ఉన్నయ్ అమ్మాయ్. మా పిల్లకి కాలో చెయ్యో ఇరిగితే ఎవరు చూస్తారు? రేపు దానికి సంబంధం చూడొద్దా?"

లావణ్య "క్రీడాస్ఫూర్తి" అని మొదలుపెట్టి, ఆ ముఖాలు చూసి ఆపేసింది. నేనేదైనా చెబుదామని లేవబోతుండగా, స్తంభం పక్కన నిలబడ్డ ఎస్తేరు మాట వినిపించింది.

"విరగదని చెప్పలేను పిన్నీ."

అందరూ అటు తిరిగారు. ఎస్తేరు గొంతు సన్నగా ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకు విరిగింది. ఇంటర్‌లో ఉండగా. ఇక్కడ," అని మెడ కింద ఎముక చూపించింది. "మాది భట్టిప్రోలే. మా అమ్మ కూలికెళ్తది. నాకు దెబ్బ తగిలిందని నా బూట్లు తీసుకెళ్ళి పక్కింటోళ్ళ పిల్లకి ఇచ్చేసింది. ఇంక ఆడితే చూడు అంది. నేను మానేశా. ఆ ఏడే నాట్లప్పుడు గట్టు మీద జారిపడి అమ్మకి చెయ్యి విరిగింది. కట్టు ఇప్పిన రోజు నేనన్నా, అమ్మా, నువ్వు ఇంక నాట్లకి పోమాక, మళ్ళీ విరిగిద్ది అని."

"ఏవందీ మరి?" అంది కోటేశ్వరమ్మ.

"నా వంక చాలాసేపు చూసింది. చూసి, పోయి ఆ బూట్లు అడిగి తెచ్చుకో అంది."

వెనక వరసలో ఒక ముసలావిడ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు వరండా అంతా పాకింది. జోకొట్టిన పిల్ల లేచి ఏడుపు అందుకుంది. ఎస్తేరు కూడా నవ్వింది. ఇంక ఆ తర్వాత మాట కోసం వెతుక్కోలేదు. దెబ్బ తగిలితే వెంటనే ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పింది. ముందు నేర్పేది పట్టుకోవడం కాదు, పడడం అని చెప్పింది. మోచెయ్యి ఆనకుండా ఎలా పడాలో మాటల్లో చెప్పబోతే కోటేశ్వరమ్మ ఆపింది.

"ఆ పడేదేదో రేపు పొద్దున చూపించు. చూసి చెప్తా."

ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు వెళ్ళక ముందే చూపించాలని, మేం ఆరున్నరకల్లా గ్రౌండ్‌లో ఉన్నాం. తల్లులు మా కన్నా ముందే వచ్చారు. లావణ్య, ఎస్తేరు కలిసి పిల్లలకు పడడం నేర్పారు. ఇసుక పోసి మెత్తగా చేసిన చోట ఒక్కొక్కరూ పడుతున్నారు, లేస్తున్నారు, మళ్ళీ పడుతున్నారు. శ్రావణి కూతకు వెళ్ళి మా జట్టులో ఒకమ్మాయిని తాకి, దొరక్కుండా గీత దాటి వచ్చేసింది. కోటేశ్వరమ్మ గ్రౌండ్ పక్క గట్టు మీద నుంచి లేచింది.

"అట్టాగా వచ్చేది? నువ్వు కాలు ఎనక్కి పెట్టబట్టి బతికావు. జరుగు," అని కొంగు నడుముకు దోపుకుని బరిలోకి దిగింది. చిన్నప్పుడు ఆవిడ కూడా ఆడిందని అప్పుడు తెలిసింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు దిగారు. అవతలి వైపు ఒకరు తక్కువయ్యారని నన్ను లాగారు. నేను చీరలో ఉన్నాను, చెప్పులు కూడా విప్పలేదు. "మేడమ్ గారూ, రండి, మిమ్మల్ని ఏం చెయ్యంలే," అని ధైర్యం చెప్పిన కోటేశ్వరమ్మే కూతకు వచ్చి, తిన్నగా నా భుజం మీద చరిచి వెళ్ళిపోయింది. నేను ఔటయ్యానని పిల్లలు చెప్పేదాకా నాకు తెలియలేదు. అంతగా నవ్వి చాలా కాలమైంది.

అందరూ ఒప్పుకోలేదు. ఇద్దరు తల్లులు ఏమీ తేల్చకుండానే పిల్లలను తీసుకుని వెళ్ళిపోయారు. కోటేశ్వరమ్మ ఒప్పుకుంది కానీ షరతులు పెట్టింది. పరీక్షలయ్యేదాకా ఆదివారం ఒక్కరోజే. ప్యాంటు పొడుగుది వేసుకోవాలి. మూడోది మమ్మల్నే అడిగింది. "మీరు ఇయ్యాల వచ్చి పోతే మా పిల్లలకి ఏం వస్తది? మళ్ళీ ఎప్పుడొస్తారు?"

మా కార్యక్రమం ఆ మూడు రోజులతోనే సరి. ఎస్తేరు పిల్లల వైపు చూసింది, నా వైపు చూసింది. "నేను వారం వారం ఇంటికొస్తా పిన్నీ. ఆదివారం చర్చి అయ్యాక ఇటు వస్తా. నాతో ఒక్కొక్క వారం ఒక్కొక్కళ్ళు వస్తారు," అంది. లావణ్య అప్పటికే ఎవరు ఏ వారమో పంచడం మొదలుపెట్టింది. అందులో నా పేరు కూడా ఉంది.

మధ్యాహ్నం రేపల్లె స్టేషన్‌లో తెనాలి రైలెక్కాం. అక్కడి నుంచే బయల్దేరే రైలు కాబట్టి సీట్లకు ఇబ్బంది లేదు. పిల్లలు బటాణీలు కొనుక్కున్నారు. ఇద్దరు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే నిద్రపోయారు. భట్టిప్రోలులో ఎస్తేరు దిగిపోయింది. వాళ్ళమ్మ ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉంది. నన్ను చూసి కిటికీ దగ్గరకు వచ్చింది.

"మా పిల్ల మీకేం ఇబ్బంది పెట్టలేదు కదండీ? ఇంట్లో అయితే నోరు మూయదండి. బయట ఎట్టా ఉంటదో తెలీదు."

"బయట కూడా అంతేనండి," అన్నాను. ఎస్తేరు తల దించుకుని నవ్వింది. రైలు కదిలాక చూస్తే, కూతురు బ్యాగు తల్లి భుజాన ఉంది. ఎస్తేరు రెండు చేతులూ తిప్పుతూ ఏదో చెబుతోంది. ఆవిడ నడవడం ఆపి వింటోంది.

తెనాలిలో దిగి, ఎవరిళ్ళకు వాళ్ళను పంపించి నేను ఇంటికి చేరేసరికి పొద్దుగూకుతోంది. ఇది రాసేనాటికి నా వంతు ఆదివారం ఒకటి అయిపోయింది. తేల్చకుండా వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకరి కూతురు ఇప్పుడు వస్తోంది. మండల పోటీలకు జట్టు నిండుతుందో లేదో ఇంకా చెప్పలేం. తమ పిల్లలను తీసుకుని ఆ దారిన వెళ్ళే అధ్యాపకులు ఎవరైనా ఉంటే, బాపట్ల నుంచి పొద్దుటి బస్సే పట్టుకోండి, రేపల్లెలో చేపల పులుసు తినకుండా రాకండి. సేవ చేసి వద్దామని వెళ్ళేవాళ్ళు బూట్లు వేసుకుని వెళ్ళండి. కోటేశ్వరమ్మ ఎవరినీ ఊరికే గట్టు మీద కూర్చోనివ్వదు.