మర్యాదకి బాగున్న గుండె

మావారి గుండెకు స్టెంటు వేసి ఏడాదిన్నర దాటింది. ఆ ఖర్చుకు వట్లూరులో కొనుక్కున్న స్థలం పోయింది. రేషన్ కార్డు ఎప్పుడో రద్దయింది కాబట్టి ప్రభుత్వ పథకమూ లేదు. మళ్ళీ నొప్పి వస్తే అమ్మడానికి మా దగ్గర ఇంకేమీ లేదు. అందుకే ఆరోగ్య బీమా కోసం తిరిగాం. గుండె అనగానే కొందరు కుదరదన్నారు, కొందరు మాకు అందని ప్రీమియం చెప్పారు.

తాడేపల్లిగూడెంలో మా పిన్ని కొడుకు బీమా ఏజెంటు. "స్టెంటు సంగతి రాయకక్కా. బావగారి గుండె తెరిచి ఎవరు చూస్తారు?" అన్నాడు.

నాకు మనసొప్పలేదు. పదో తరగతితో నా చదువు ఆగింది గానీ, కుట్టుపని లేని రోజల్లా ఏలూరు గ్రంథాలయంలోనే ఉంటాను. నాకు తెలియనిది అక్కడ ఏదో ఒక బీరువాలో ఉంటుందని నా నమ్మకం. బీమా నిబంధనలు ఇంగ్లీషులో ఉంటే, పక్కన నిఘంటువు పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. నాలుగో రోజు దొరికింది. ఉన్న జబ్బు దాస్తే పాలసీ రద్దు కావచ్చు. చెబితే తీసుకునే కంపెనీలు ఉన్నాయి, ఆ జబ్బుకు మాత్రం కొంతకాలం ఆగాలి. గుండెకు చికిత్స అయినవాళ్ళ కోసమే పెట్టిన పాలసీ కూడా ఉంది. కూర్చోలేక లేచి నిలబడ్డాను.

ఎదుటి బల్ల దగ్గర పేపరు చదువుతున్న పెద్దాయన "ఉద్యోగం వచ్చిందా అమ్మా?" అని అడిగారు.

"అంతకన్నా మంచిదేనండీ" అన్నాను.

వాటిలో మాకు అందే ప్రీమియం ఉన్న పాలసీకి దరఖాస్తు నేనే నింపాను. స్టెంటు వేసిన తేదీ, మాత్రల పేర్లు, అన్నీ రాశాను. తమ్ముడు చూసి, "బావగారి జాతకమంతా రాసేశావు కదక్కా" అంటూనే పంపించాడు. కంపెనీ డాక్టరు ఫోను చేసి మాట్లాడాకే పాలసీ ఇచ్చేదీ మానేదీ తేలుతుందట.

ఆ ఫోను వచ్చేసరికి కొల్లేరు దగ్గర మావారు పనిచేసే చేపల చెరువు గట్టు మీద ఉన్నాం. నేను ఆయనకు క్యారేజీ పట్టుకెళ్ళాను. స్పీకరు పెట్టాను.

"ఆరోగ్యం ఎలా ఉందండీ?" అంది డాక్టరమ్మ.

"మీ దయవల్ల బాగున్నామండీ. మీరు బాగున్నారా?" అన్నారు మావారు.

"గుండెకు సంబంధించి ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

"అబ్బే, ఏం లేవండీ. దివ్యంగా ఉన్నానండీ. భోజనం చేశారా?"

మా వైపు పలకరించిన మనిషికి కష్టం చెప్పుకోవడం అమర్యాద. ఐసీయూలో చూడవచ్చిన వాళ్ళకు కూడా ఆయన ఇదే జవాబు చెప్పారు. ఇప్పుడు ఆ మర్యాద వల్ల నా దరఖాస్తు అబద్ధమైపోతోంది. ఫోను లాక్కున్నాను.

"అమ్మా, ఆయన మర్యాదకి అంటున్నారండీ. స్టెంటు ఉందండీ."

"మీరెవరండీ?"

"ఆయన భార్యనండీ. దరఖాస్తు రాసింది నేనేనండీ."

అవతల నవ్వు వినిపించింది. "అయితే ఆయన్నే చెప్పనివ్వండి. ఈసారి మర్యాద పక్కన పెట్టి."

మావారు మేత బస్తా మీద కూర్చున్నారు. ఛాతీలో మొదటిసారి నొప్పి వచ్చిన రోజు నుంచి ఇప్పుడు మెట్లెక్కితే వచ్చే ఆయాసం దాకా అంతా చెప్పారు. ఆ ఆయాసం సంగతి నాకూ అప్పుడే తెలిసింది. పాలసీ పోతుందేమోనన్న భయం కన్నా అది ఎక్కువ కలవరపెట్టింది.

డాక్టరమ్మ పరీక్షలు చేయించమంది. చేయించాం. స్టెంటు వేసిన డాక్టరు మాత్ర ఒకటి మార్చారు గానీ గుండె నిలకడగానే ఉందని తేలింది. రెండు వారాలకు పాలసీ వచ్చింది. ప్రీమియం, నెలకు నాలుగు జాకెట్లు ఎక్కువ కుడితే కట్టుకోగలిగినంతే. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆయన్ని కూర్చోబెట్టి ప్రతి పేజీ పైకి చదివి, తెలుగులో చెప్పాను.

"మిగతా వాటికి ఇబ్బంది లేదండీ. గుండెకు మాత్రం రెండేళ్ళు ఆగాలి."

"సరే," అన్నారు మావారు, "దానికి చెబుతానులే."