ఏయ్ అంటే ఆగే కాళ్లు

రెండు వేల ఏడు. లింగాల నుంచి వచ్చిన స్వరూప వనపర్తిలో కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. పరుగులో అమ్మాయిలందరికంటే ముందుండేది. కానీ మైదానం పక్కన ఎవరైనా "ఏయ్" అని అరిస్తే చాలు, ఆగిపోయేది.

శిక్షణ ఇచ్చే అనంతయ్య రిటైరైన డ్రిల్లు మాస్టరు, నా స్నేహితుడు. వచ్చినవాళ్లతో ఒకే కాగితం మీద "నేనెవరు" అని మూడుసార్లు రాయించేవాడు. పైన ఊరు ఏమంటుందో, దాని కింద తాము ఏమనుకుంటారో, అడుగున తమ ఒళ్లు ఏం చేస్తుందో. ఆ మూడింటికీ ఎక్కడ పొసగదో వెతికేవాడు.

స్వరూప పైన "కూలి లింగయ్య బిడ్డ" అని రాసింది. దాని కింద, "ఎవరికీ భయపడ. మా ఊరి బాలన్న పటేలును నా ముందర నిలబెడత." అడుగున ఖాళీ.

"కాళ్లను అడుగు బిడ్డా," అన్నాడు అనంతయ్య.

"కాళ్లకేం తెలుస్తది సార్?"

"మరి పొద్దుగాల ఎందుకు ఆగినయి?"

అడుగున రాసింది: "పటేలు ఏయ్ అంటే ఆగుతయి."

పదో తరగతిలో ఉండగా అట్లాగే "ఏయ్" అని పిలిచి ఆపి, ఆమె పుస్తకాల సంచిని బురద మడిలోకి విసిరాడాయన. "చదివి పటేలమ్మవైతవానే?" అన్నాడు. బిడ్డ తప్పేమీ లేకున్నా లింగయ్యే భుజం మీది తువ్వాల చంకలో పెట్టుకుని పటేలు ముందు వంగాడు.

మర్నాటి నుంచి ఆమె పరుగెత్తుతుంటే అందరితో "ఏయ్" అని అరిపించాడు అనంతయ్య. మొదటి వారం ఏడ్చింది. తర్వాత తిట్టింది. "ఇంకా గట్టిగ ఒర్లుండ్రి! పటేలు గొంతు గింతేనా?" మూడో వారం ఆగలేదు. ఉద్యోగం వచ్చింది.

ఆపై బీచుపల్లి జాతర బందోబస్తులో, డేరా కింద ఫిర్యాదులు రాస్తూ కూర్చుంది. మోటార్‌సైకిలు పోయిందని వచ్చాడు బాలన్న.

"ఏయ్, లింగయ్య బిడ్డవు కదనే? జర జల్ది రాయి."

కాళ్లు లేవబోయాయట. రెండు చేతులా కుర్చీని పట్టుకున్నానని తర్వాత నాతో చెప్పింది.

"పేరు?"

"నన్నెరుగవా?"

"తెల్వదు. చెప్పు."

"ఊర్ల అందరు పటేలంటరు."

"ఊరు ఏమంటదో కాదు. నువ్వెవరో చెప్పు."

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు.

"బాలన్న."

"వినబడలె."

"బాలన్న... మేడమ్."

తువ్వాల అప్పటికే ఆయన భుజం మీద లేదు, చంకలో ఉంది. అది చూశాకే స్వరూప కలం మూత తీసింది.