మెంతుల మీద పడిన నింద

2019లో నేను నరసాపురంలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. సరోజనమ్మగారు మూడు నెలలకోసారి షుగర్ టెస్టుకి వచ్చేవారు. పరగడుపున ఫాస్టింగ్ శాంపిల్ ఇచ్చి, టిఫిన్ తిని వచ్చి, రెండో శాంపిల్ వేళయ్యేదాకా బెంచీ మీద లేసు అల్లుకుంటూ కూర్చునేవారు. ఆ వేళ్లు ఆడుతుంటే రిపోర్టుల కోసం వచ్చినవాళ్లు తొందర మర్చిపోయేవారు.

ఆ వర్షాకాలంలో ఆవిడ ఫాస్టింగ్ 104 వచ్చింది. అంతకుముందు మాత్రలు వేసుకుంటున్నా 180కి తగ్గేది కాదు.

"మెంతులు బాబూ. రాత్రి నానబెట్టి పొద్దున్నే నములుతున్నాను. నీ మొహం కూడా చేదెక్కిపోయింది వదినా అంటది మా ఆడపడుచు."

"బాగా పనిచేశాయండి. ఇంక మాత్రలెందుకండీ మీకు?" అన్నాను.

అంతే నేనన్నది. తెల్లకోటు వేసుకున్నవాడి మాట ఆవిడకి డాక్టరు మాటే.

మావైపు చాలామందికి ఒక అలవాటుంది. డాక్టరుగారు తిడతారని, టెస్టుకి ముందు మూడు రోజులు అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెడతారు. నాకది తెలుసు. అడగలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేస్తే అసలు సంగతి బయటపడేది. అదీ చెప్పలేదు.

ఆవిడ మాత్రలు మానేశారు. మరుసటేడు కరోనా వల్ల టెస్టులకూ రాలేదు. 2021లో అల్లుడి చెయ్యి పట్టుకుని వచ్చారు. ఏడు లోపు ఉండాల్సిన హెచ్‌బీఏ1సీ పన్నెండు దాటింది. కంటిలోపలి రెటీనా అప్పటికే దెబ్బతింది.

"లేసు తెచ్చుకోలేదేంటండీ?" అన్నాను.

"దారం కనపట్టల్లేదు బాబూ," అన్నారు.

"మెంతుల్ని నమ్ముకుని కళ్లు పోగొట్టుకున్నారండి. మాత్రలు మానమని ఎవరు చెప్పారో కూడా చెప్పరు," అన్నారు అల్లుడుగారు అందరి ముందూ.

"ఎవరో ఎందుకు చెబుతారయ్యా, నేనే మానేశాను," అన్నారావిడ, నా గొంతు వినబడిన వైపు తిరిగి.

నేను రిపోర్టు కవర్లో పెట్టి అల్లుడుగారి చేతికిచ్చాను.

ఊళ్లో ఇప్పటికీ మెంతులనే అంటారు. మెంతుల్లోని పీచు చక్కెర రక్తంలో చేరడాన్ని కాస్త నెమ్మది చేస్తుంది. మాత్రతో పాటు తింటే మేలే, మాత్రకి బదులు కాదు. తప్పు గింజలది కాదు, నాది.

లేసు అల్లుతూ ఆవిడ కూర్చున్న ఆ ఒక్క ఉదయం మళ్లీ దొరికితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు ఎవరి రిపోర్టైనా ఉన్నట్టుండి బాగుంటే ముందు ఒకటే అడుగుతాను, "ఈ మూడు రోజులూ ఏం తిన్నారండీ?" అని. చాలామంది నవ్వేసి ఒప్పుకుంటారు.

అడిగుంటే ఆవిడా ఒప్పుకునేవారు.