సొంతూరు అడగని అప్లికేషన్

2012. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల పక్క సందులో నా ఇంటర్నెట్ సెంటర్. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే తిరిగే ఒక ఫ్యాను. ఎంసెట్ అప్లికేషన్లు ఆన్‌లైన్‌లో నింపే రోజులు. పరీక్ష పిల్లలది, చెమట తల్లిదండ్రులది, టైపింగు నాది. సాయంత్రానికి ఎవరైనా నా పేరు అడిగితే తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా కలిపి చెప్పేంత అలసట.

దేవదానం గారు రైల్వే ఆఫీసులో క్లర్కు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కూతురు షారోన్ పుట్టింది, పదో తరగతి దాకా చదివింది ఇక్కడే. ఇంటర్‌కు మాత్రం గుంటూరులో అమ్మమ్మ దగ్గరుంది. ఆమె ఇంకా అక్కడుండగానే ఈయన ఒక్కరే వచ్చి అప్లికేషన్ పెట్టించారు. ‘లోకల్ ఏరియా’ గడి దగ్గర ఆగి, ఏది పెట్టాలని అడిగాను. మెడిసిన్ సీట్లలో పెద్ద వాటా లోకల్ వాళ్లకే. తెలంగాణ, కోస్తా, సీమ, ఒక్కో వైపుకు ఒక్కో ఏరియా.

“మాది గుంటూరు బాబూ. మా తాతగారి నుంచీ గుంటూరే. రాసెయ్.”

ఆ గొంతు విన్నాక మళ్లీ అడిగితే ఆయన తాతగారిని అనుమానించినట్టు ఉంటుంది. కోస్తా అని పెట్టి, ఆయనకు చూపించి, సబ్మిట్ నొక్కాను. సబ్మిట్ అయ్యాక మార్చడం నా చేతుల్లో ఉండదు, కన్వీనర్ ఆఫీసు చేతుల్లోకి పోతుంది.

ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన షారోన్ ప్రింటవుట్ చూసి, తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది.

“అన్నా, గిది తప్పు. లోకల్ అంటే సొంతూరు కాదు, చదివిన ఊరు.”

లెక్క సులువే. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కువ ఏళ్లు ఏ వైపు చదివితే ఆ వైపు లోకల్. ఆమెకు ఇక్కడ ఐదేళ్లు, అక్కడ రెండు. కోస్తాలో లోకల్ అని నిరూపించడం కుదరదు, ఇక్కడ లోకల్ అని అడగనేలేదు. ర్యాంకు ఎంత మంచిదొచ్చినా రెండు వైపులా గుమ్మం బయటే.

దేవదానం గారు కుర్చీలో కూలబడి తల పట్టుకున్నారు. నా బిడ్డ బతుకు నా నోటితోనే నాశనం చేశానన్నారు.

“సార్, జెర లేవండి. ఆ కుర్చీకి ఒక కాలు విరిగింది,” అన్నాను.

లేచారు. లేచాక ఉపాయాలు మొదలయ్యాయి. ఇంకో అప్లికేషన్ కొత్తగా పెట్టేద్దామన్నారు. ఒకే మనిషికి రెండుంటే రెండూ తీసేస్తారని చెప్పాను. అయితే గుంటూరులో బావమరిదికి తెలిసిన హెడ్మాస్టరు ఉన్నాడు, అక్కడే చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు రాయిస్తానన్నారు. స్టడీ సర్టిఫికెట్ అంటే ఏ తరగతి ఏ బడిలో చదివిందో ఆ బడి ఇచ్చే కాగితం.

“నేను చూడని బడిల నన్నెట్ల చదివిస్తరు డాడీ?”

“సార్, మీ పాప మాట విన్నరా? గుంటూరు లోకల్ అంటే ఎవరన్నా నమ్ముతరా?” అన్నాను.

పాపం, ఆయనే ఒప్పుకున్నారు. రెండేళ్లు అమ్మమ్మ ఎంత ప్రయత్నించినా ఆ భాష కదల్లేదట.

ఇక మిగిలింది ఏరియా సరిచేయమని కన్వీనర్ ఆఫీసుకు ఉత్తరం పెట్టడమే. అది తానే రాస్తానన్నారు. మొదటి పేజీ అయ్యేసరికి వాళ్ల తాతగారు గుంటూరు చర్చిలో బాప్తిస్మం తీసుకుంటున్నారు. షారోన్ ఇంకా పుట్టలేదు. కాగితం మర్యాదగా పక్కన పెట్టి నేనే టైప్ చేశాను: అప్లికేషన్ నంబరు, తప్పు పడింది ఏది, ఉండాల్సింది ఏది, జత చేసిన సర్టిఫికెట్లు. నాలుగు వాక్యాలు. ఎవరూ బాప్తిస్మం తీసుకోలేదు.

సంతకం దగ్గర ఆయన పెన్ను ఆగింది. లోకల్ అనే మాట, తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో, మా సందులో కూడా ఊరికే పలికే మాట కాదు.

“ఇది పెడితే గుంటూరు వదులుకున్నట్టేగా అమ్మా?” అన్నారు మెల్లగా.

“సీటు అడుగుతున్నం డాడీ. సమాధికి జాగ కాదు.”

 ఆయన సంతకం పెట్టారు.

కన్వీనర్ ఆఫీసుకు నన్నూ లాక్కెళ్లారు. అక్కడ తప్పుల వాళ్లదే ఒక పెద్ద క్యూ. మా ముందున్నాయన కొడుకును ఆడపిల్లగా నమోదు చేసి వచ్చాడు. వాళ్లబ్బాయి తండ్రికి దూరంగా నిలబడ్డాడు. దేవదానం గారు దారి పొడవునా ఒక ఉపన్యాసం వల్లె వేసుకున్నారు. కిటికీలోని క్లర్కు తల కూడా ఎత్తకుండా కాగితాలు తిప్పి, “ఎక్కడ చదివింది పాప?” అన్నాడు. దేవదానం గారు గుండెల నిండా గాలి పీల్చారు. నేను కళ్లు మూసుకున్నాను.

“మెట్టుగూడండి,” అన్నారు. గాలి చాలా మిగిలిపోయింది.

హాల్ టికెట్‌లో ఏరియా సరిగ్గా వచ్చింది. సీటు కూడా వచ్చింది, రెండో కౌన్సెలింగ్‌లో, వాళ్లింట్లో అందరి బీపీ పెంచాక. ఇప్పుడు అదే బీపీ షారోన్ చూస్తోంది, ప్రాక్టీసుకని.

ఆ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. లోకల్ ఏరియా ఏదని నేనెవరినీ అడగను. పిల్ల ఆరో తరగతి ఎక్కడ చదివిందని మొదలుపెట్టి, ఒక్కో తరగతీ అడుగుతాను. సొంతూరంటే ఎంత నెమ్మదస్తుడైనా ఛాతీ విరుచుకుంటాడు. ఆరో తరగతి కోసం ఇంతవరకూ ఎవరూ గొంతు పెంచలేదు.