జానెడెత్తు గడప

పొద్దున ఒమాన్‌లో, వాడి కబీర్ అనే పేటలోని మా ఫ్లాటులో తలుపు ముందు తుడుస్తూ, పసుపు రాద్దామంటే గడపే లేని ఇల్లు కదా అనుకున్నాను. వెంటనే తాత గుర్తొచ్చాడు. ఆయన్ను నేను చూడలేదు. డెబ్బైలలో నిజామాబాద్ వైపు మా పల్లె నుంచి బొంబాయి మీదుగా ఒమాన్‌కు, అందులోనూ ఆ చివర సరిహద్దులో ఉన్న బురైమికి బయల్దేరిన మొదటి మేస్త్రి ఆయనే. అక్కడ పని దొరికిందని ఎవరి ద్వారానో ఒక్కసారి కబురొచ్చింది, తర్వాత ఏమీ లేదు. అసలు ఓడే ఎక్కలేదని, బొంబాయిలో ఇంకో సంసారం పెట్టాడని ఆయన తమ్ముడు, మా చిన్నతాత, పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. నానమ్మ మాత్రం బొట్టు తీయలేదు, తల దించలేదు.

నా కాపురం ఒమాన్‌లో అని తెలియగానే నానమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీ తాత ఏడ దర్వాజ నిలబెట్టినా గడప జానెడెత్తు పెడ్తడు బిడ్డా. తేళ్ళు రావద్దంటడు. ఎవలు చెప్పినా తగ్గియ్యడు. గసొంటి గడప ఏడుందో చూడు" అంది. మా ఇంటి గడపా ఆయన పెట్టిందే. దానికి తట్టుకుని కాలివేళ్ళు నలగ్గొట్టుకోనివాళ్ళు మా వంశంలో లేరు, నాతో సహా.

బురైమిలో ఇప్పుడు అన్నీ కొత్త బిల్డింగులేనని మా ఆయన నవ్వాడు. ఎవరైనా నవ్వితే నాకు పంతం ఇంకా పెరుగుతుంది, అది నానమ్మ పోలిక. సెలవు దొరికినప్పుడల్లా ఆయనచేతే కారు తీయించి, అక్కడి పాత మట్టి ఇళ్ళ మధ్య తల వంచుకుని గడపలు చూస్తూ తిరిగాను. ఏదో పారేసుకున్నానని జాలిపడి నాతోపాటు వెతికినవాళ్ళూ ఉన్నారు. చివరికి ఒక ముసలి హైదరాబాదీ దర్జీ జానెడెత్తు గడపల మేస్త్రి అన్న మాట విని కుట్టు మిషన్ ఆపేశాడు. ఆ మేస్త్రి ఒకప్పుడు తన పక్క రూములోనే ఉండేవాడట. నన్ను ఒక పాడుబడ్డ ఇంటికి తీసుకెళ్ళాడు. గుమ్మానికి అంత ఎత్తు గడప. ఇంటి యజమాని అయిన అరబ్బు మొదటిరోజే దానికి తట్టుకుని పడి, తీసేయమని గొడవ చేశాడట. ఆ ఏడే వాగు పొంగి వీధిలో అందరి ఇళ్ళూ మునిగితే ఈ ఒక్క ఇంట్లోకి నీళ్ళు రాలేదట. ఇక ఆ ఊసెత్తలేదట.

"ఆ చలికాలమే మేస్త్రి జ్వరమొచ్చి పోయిండు బేటీ. మేమే సాగనంపినం. ఆయన ఊరు మాకెవలకు తెల్వకపాయె" అన్నాడు దర్జీ, వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని.

ఫోనులో నానమ్మ అంతా విని, గడప చేత్తో కొలిచావా అని అడిగింది. కొలిచాను, సరిగ్గా జానెడన్నాను. "అయితె ఆయనదే" అంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఆ నెలలోనే ఊరందరినీ పిలిచి దినం చేయించింది. పనులన్నీ దగ్గర కూర్చుని మరీ చిన్నతాత చేతనే చేయించింది. తాత పోయి ఎన్నేళ్ళయిందో గానీ, మా ఇంటికి తిరిగొచ్చింది మాత్రం ఆ రోజే.